వేడి గాలీ, నీలి దీపమూ, పెయింటు బకెట్టూ: ఒక ప్రాజెక్టు డైరీ

జూలై 6

శ్రీకాకుళం పక్కన గార వైపు నుంచి వచ్చే పెద్దావిడ ఈ వారం మళ్లీ వచ్చింది. "డాట్రమ్మా, పంటికి నువ్వెట్టిన సిమెంటు, జంతిక కొరికితే ఎల్లిపోనాది. ఎతికినాను, కానరాలేదు. మింగీసినట్టున్నాను" అంది. మింగినా ఫర్వాలేదని చెప్పి, మళ్లీ పెట్టి పంపాను. కానీ ఏప్రిల్‌లో పెట్టింది జూలైకే ఊడితే తప్పు జంతికది కాదు, నాది.

రాత్రి రిజిస్టరు తిరగేశాను. తిరిగొస్తున్నవన్నీ పంటి మెడ దగ్గర, చిగురును ఆనుకుని పెట్టిన కాంపోజిట్ (పంటి రంగులో ఉండి, నీలి లైటుతో గట్టిపడే) ఫిల్లింగులే. నమిలే వైపు పెట్టినవి గట్టిగానే ఉన్నాయి. నమిలే వైపు గుంటకు గోడలుంటాయి, పదార్థం వాటి మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. మెడ దగ్గర గోడలేవీ? కచ్చికతోనో ఇటిక పొడితోనో నలభై ఏళ్లు అడ్డంగా తోమి అరగదీసిన పల్లం అది. అక్కడ ఫిల్లింగును పట్టుకుని ఉండేది బాండ్ అనే జిగురు ఒక్కటే. పైగా ఆ చోట ఎనామిల్, అంటే పంటి పైపెంకు, పలచన, కొందరికి లేనే లేదు. ఉన్నదంతా దాని కింది పొర, డెంటిన్.

ఎనామిల్‌కు అంటించే కిటుకు 1955లోనే దొరికింది. రేకులకు రంగు బాగా పట్టాలని ఫ్యాక్టరీల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. బ్యూనకోర్ అనే డాక్టరు అది గమనించి, అదే ఆమ్లాన్ని 85 శాతం గాఢతతో పంటి మీద 30 సెకన్లు పెట్టి చూశాడు. ఎనామిల్ బరువులో 96 శాతం దాకా ఖనిజమే కాబట్టి ఆమ్లం దాన్ని గరుకు చేస్తుంది, బాండ్‌లోని జిగురు పదార్థం రెసిన్ ఆ గరుకులోకి దిగి బిగుస్తుంది. డెంటిన్ అలా లొంగదు. ఖనిజం 70 శాతం చిల్లర, మిగతాది కొల్లాజెన్ పీచూ నీళ్లూ. దానిలోని సన్న గొట్టాల్లోంచి తడి ఊరుతూనే ఉంటుంది. చెమ్మ గోడకు సున్నం వేసే పని లాంటిదే మాది.

బాండ్ రాశాక గాలి ఊది ఆరబెడతాం, నీలి లైటు పెట్టి గట్టిపరుస్తాం. ఆ చెమ్మ గోడ మీద బాండ్ నిలవాలంటే వేడి గాలి ఊదితే మేలా, లైటు ఎక్కువసేపు పెడితే మేలా? పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ ఒక్కటీ నా చేత్తో చూసింది లేదు. ఆదివారాలు క్లినిక్కు సెలవే. మొదలెడదాం.

జూలై 13

పళ్లు కావాలి. క్లిప్పులు వేయించుకునే పిల్లలకు చోటు కోసం ప్రీమోలార్లు (కోరపళ్ల వెనక ఉండే చిన్న నమిలే పళ్లు) తీయిస్తారు కదా, పుచ్చులేని పళ్లు, అవే మంచివి. తీసే ముందే అడిగి, పరీక్షకు వాడుకుంటానని సంతకం పెట్టించుకుంటున్నాను. ఒక కుర్రాడి తల్లి మాత్రం ఒప్పుకోలేదు. "మా గుంటడి పన్ను ఇంటి మీద పారెయ్యాల, ఇచ్చీండి" అని పొట్లం కట్టించుకుపోయింది. అది పాలపన్ను కాదమ్మా అన్నా వినలేదు.

ఇప్పటికి ఇరవై రెండున్నాయి. ఎండబెడితే డెంటిన్ పాడవుతుంది. ఫార్మలిన్‌లో వేస్తే కొల్లాజెన్ మారిపోతుంది. 0.1 శాతం థైమాల్ నీళ్లలో ఉంచడం మామూలు పద్ధతి. థైమాల్ అంటే మరేం లేదు, వాము పువ్వు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మూలికల దుకాణంలో దొరికింది. లీటరు నీళ్లకు ఒక గ్రాము. అంత తేలిగ్గా కరగదు, సీసా పట్టుకుని చాలాసేపు ఊపాలి. ఆ రోజు క్లినిక్కంతా వాము వాసన. ఎవరికి కడుపు నొప్పని ముగ్గురు పేషెంట్లు అడిగారు.

ఒక జాగ్రత్త ఉంది. థైమాల్ ఫినాల్ జాతిది. లైటు పడ్డప్పుడు రెసిన్‌ను గట్టిపరిచే రాడికల్స్ అనే చురుకైన అణు ముక్కలను ఫినాల్ జాతివి మింగేస్తాయి. అందుకే వాడే ముందు రోజు పళ్లను మామూలు నీళ్లలోకి మార్చాలి. లవంగ నూనెలోని యూజినాల్‌దీ ఇదే గుణం. పంటి నొప్పికి రాత్రంతా లవంగ నూనె దూది పెట్టుకుని పొద్దున్నే "తెల్ల సిమెంటు పెట్టీండి" అని వచ్చేవాళ్లు మనకు తక్కువా? వాళ్లకు ఆ రోజు బాండ్ జోలికి పోను.

జూలై 20

తమ్ముడు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చెప్తాడు. వాళ్ల ల్యాబ్‌లో లాగి తెంపే మిషను ఉందంటే రెండు పళ్లు పట్టుకుని వెళ్లాను. చూడగానే నవ్వాడు. "అప్పా, ఇది 40 టన్నులది. ఇనుప కడ్డీలు తెంపడానికి పెట్టింది. నీ పన్ను పదో పదిహేనో కిలోలకు ఊడుతుంది, దీనికి తెలియనైనా తెలియదు" అన్నాడు. అయినా బిగించి చూశాం. టక్కున ఊడింది, ముల్లు సున్నా దగ్గరే ఉంది. లారీ కాటా మీద కరివేపాకు తూచినట్టయింది.

వాడే కాలేజీ బయట టీ కొట్లో బిల్లు వెనక బొమ్మ గీసిచ్చాడు. పన్నును ఒక స్టాండుకు బిగించాలి. పంటి మీద అంటించిన కాంపోజిట్ బొడిపెకు స్టీలు తీగ ఉచ్చు వేయాలి. ఉచ్చుకు బకెట్టు తగిలించి నీళ్లు పోస్తూ పోవాలి. లీటరు నీళ్లంటే కిలో. ఊడేసరికి ఎన్ని నీళ్లున్నాయో తూస్తే సరి.

లెక్క కూడా అక్కడే కట్టాం. బొడిపె అడ్డకొలత 3 మిల్లీమీటర్లయితే అంటుకున్న వైశాల్యం 7.07 చదరపు మిల్లీమీటర్లు. కిలో బరువు 9.81 న్యూటన్లు. అంటే ప్రతి కిలోకూ 1.39 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అంటే ఒక మెగాపాస్కల్). పది కిలోలకు ఊడితే 13.9.

జూలై 27

లేత్ షెడ్డులో స్టాండు తయారైంది. ఎల్ యాంగిల్ ముక్కలు, రెండు బోల్టులు, ముప్పావు అంగుళం పీవీసీ పైపు రింగు పట్టే క్లాంపు. మేస్త్రి పని చేస్తున్నంతసేపూ ఓర్చుకుని చివర్లో అడిగేశాడు: "ఏటి డాట్రమ్మా, పన్ను పీకడానికి మిషనేటి? సేతుల్తో పీకలేకపోతన్నావా?" అంటించింది ఊడుతుందో లేదో చూడ్డానికని చెప్పాను. "మరి ఊడకుండా అంటించీవచ్చు గదా" అన్నాడు. నేను చేస్తున్నదంతా అదేనయ్యా అన్నాను.

పన్ను సిద్ధం చేయడం ఇలా. వేరు భాగాన్ని పీవీసీ రింగులో నిలబెట్టి, దానంతటదే గట్టిపడే సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ పోస్తాను. అది గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి రింగును చల్లని నీళ్ల గిన్నెలో కూర్చోబెడతాను. తరవాత పంటి బుగ్గ వైపు ఎనామిల్‌ను నీళ్లు పోస్తూ అరగదీసి, పసుపు పచ్చని డెంటిన్ తేలాక 600 నంబరు వాటర్ పేపరు మీద ఒక నిమిషం రుద్దుతాను. డ్రిల్లు వాడినప్పుడు డెంటిన్ మీద పొడి పేరుకుని మడ్డిలా పరుచుకుంటుంది కదా, ఇలా రుద్దితే ప్రతి పంటి మీదా ఆ మడ్డి ఒకేలా ఉంటుంది.

బొడిపెకు అచ్చు సెలైన్ పైపే. లోపలి అడ్డకొలత 3 మిల్లీమీటర్లు, లైటు దూరేంత పారదర్శకం. బ్లేడుతో 2 మిల్లీమీటర్ల ముక్కలు కోసుకున్నాను.

ఆగస్టు 3

మొదటి పన్ను. ఉచ్చు బిగించి, ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు తగిలించి, కుళాయి పైపుతో సన్నగా నీళ్లు వదిలాను. మా అసిస్టెంటు పిల్ల ఊపిరి బిగపట్టి చూస్తోంది. నాలుగు లీటర్లు, ఆరు, ఎనిమిది. ఫట్. బకెట్టు కింద పడి బోర్లా తిరిగింది, నీళ్లన్నీ వెయిటింగ్ హాల్లోకి పోయాయి. తూయడానికి నీళ్లు లేవు. ఆ పన్ను పోయినట్టే.

రెండోదానికి బకెట్టు కింద రెండు అంగుళాల ఎడంతో పాత స్కూటర్ టైరు వేశాం. పడ్డా ఒలకలేదు. 8.4 కిలోలు. 11.7 మెగాపాస్కల్ అని గొప్పగా రాసుకున్నాను. ఆ పిల్ల నెమ్మదిగా "మేడమ్, బకెట్టు బరువు?" అంది. బకెట్టూ కొక్కెమూ కలిపి 1.1 కిలో. 9.5 కిలోలంటే 13.2. చదువుకున్నదాన్ని నేను, లెక్క సరిచేసింది ఆ పిల్ల.

ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఉచ్చు పంటికి ఆనుకుని ఉండాలి. మిల్లీమీటరు దూరం జరిగినా బొడిపెను కోసినట్టు కాక ఒంచి పెకలించినట్టవుతుంది, తక్కువ బరువుకే ఊడుతుంది. రెండోది, బాండ్ అచ్చు అంచు దాటి పాకితే వైశాల్యం 7.07 కాదు, ఎంతో దేవుడికే తెలుసు. దానికి టేపు ముక్కకు 3 మిల్లీమీటర్ల చిల్లు కొట్టి పంటి మీద అంటించి, ఆ చిల్లులోనే బాండ్ రాస్తున్నాను. ఆ చిల్లు కొట్టే పంచ్ చెప్పులు కుట్టే ఆయన దగ్గర దొరికింది. నా రబ్బర్ డ్యామ్ పంచ్‌లో అంత పెద్ద చిల్లు లేదు.

ఆగస్టు 10

పళ్ల జోలికి పోయే ముందు లైటును తూచాను.

బాండ్‌లోనూ కాంపోజిట్‌లోనూ క్యాంఫర్‌క్వినోన్ అనే పసుపు పదార్థం చిటికెడు ఉంటుంది. 468 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతిని అదే తాగి గట్టిపడే పనిని మొదలెడుతుంది. కాంతి చాలకపోతే పైన గట్టిపడి అడుగున మెత్తగా ఉండిపోతుంది, పేషెంటు కుర్చీ దిగేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియదు. నా లైటు పెట్టె మీద చదరపు సెంటీమీటరుకు 1,200 మిల్లీవాట్లని ఉంది. మీటరు పెడితే 640.

బల్బు అరిగిందేమో, కొత్తది కొనాలేమో అనుకుంటూ మొన తిప్పి చూశాను. గాజు మీద గోరంత కాంపోజిట్ గట్టిపడి ఉంది. ఎన్నాళ్లుగా ఉందో. దూదికి స్పిరిట్ పెట్టి నానబెట్టి, ప్లాస్టిక్ స్పాచులాతో గీకితే ఊడింది. మళ్లీ పెడితే 1,050. పైన తొడిగే ప్లాస్టిక్ తొడుగు అతుకు మొనకు అడ్డం వస్తే అందులోంచి ఇంకో వంద పోతోంది. మీటరు నుంచి లైటును 8 మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే సగానికి సగం పడింది. వెనక పళ్ల మెడ దగ్గర బుగ్గ అడ్డొచ్చి మొన ఏటవాలుగా నిలబడుతుంది, ఎడం ఆ మాత్రం ఉండనే ఉంటుంది. పేషెంటు నోరు తెరవలేదని విసుక్కోవడమే తప్ప ఎడం ఎప్పుడైనా కొలిచానా?

ఇకనుంచి లెక్క కోసం లైటును అచ్చు మీద ఆనించే పెడుతున్నాను. బాండ్‌కు 20 సెకన్లు, కాంపోజిట్‌కు 20.

ఆగస్టు 17

అసలు పరీక్ష. ఎనిమిది పళ్లకు త్రీ వే సిరంజి (కుర్చీ దగ్గర గాలీ నీళ్లూ చిమ్మేది) మామూలు గాలి, ఎనిమిదింటికి వేడి గాలి. మిగతా అంతా ఒకటే: 37 శాతం ఫాస్ఫారిక్ జెల్ 15 సెకన్లు, కడగడం, పైనున్న నీళ్లు మాత్రం అద్దడం, బాండ్ 15 సెకన్లు బ్రష్‌తో రుద్దడం, 10 సెకన్లు గాలి, లైటు, కాంపోజిట్, మళ్లీ లైటు.

వేడి గాలికి మా అమ్మాయి హెయిర్ డ్రయ్యరు. అది ఊదితే జుట్టంతా ఎగరాలి గానీ పంటి మీద పడాలంటే గురి కావాలి. ప్లాస్టిక్ గరాటు తొడిగితే పది నిమిషాల్లో మెత్తబడి వంగిపోయింది. వంటింటి స్టీలు గరాటు బిగించాను. మొన నుంచి నాలుగు అంగుళాల దూరంలో మల్టీమీటరు తీగ పెడితే 55 డిగ్రీలు.

వేడి ఎందుకంటారా? సీసాలో ఉన్న బాండ్‌లో రెసిన్‌తో పాటు ద్రావకం ఉంటుంది. నేను వాడేదానిలో ఆల్కహాలు, కొంచెం నీళ్లు. కొన్ని కంపెనీలవాటిలో అసిటోన్. తడిగా ఉన్న డెంటిన్ పీచులోకి రెసిన్‌ను మోసుకుపోయే కూలీలు వీళ్లు. సరుకు దింపాక వెళ్లిపోవాలి. అసిటోన్ 56 డిగ్రీలకు మరుగుతుంది కాబట్టి మామూలు గాలికే ఎగిరిపోతుంది. ఆల్కహాలు 78. నీళ్లు 100, పైగా బాండ్‌లోని హెమా అనే పదార్థం నీటిని చుట్టంలా అంటిపెట్టుకుని కదలనివ్వదు. వీళ్లు ఉండగానే లైటు వేస్తే రెసిన్ గొలుసుల మధ్య చెమ్మ గూళ్లు మిగిలిపోతాయి. వేడి గాలి చేసే పని ముఖ్యంగా ఇదే, కూలీలను తొందరగా పంపించడం. కొంచెం వెచ్చబడ్డ రెసిన్ పలచనై పీచులోకి దిగడం, లైటు కింద ఇంకాస్త ఎక్కువ గట్టిపడడం ఆ తరవాతి లాభాలు.

పదమూడో పంటి దగ్గర ఫోనొచ్చి లేచాను. తిరిగొచ్చేసరికి అసిస్టెంటు పిల్ల నాకు సాయంగా రెండు పళ్లు కడిగి, డ్రయ్యరుతో బాగా ఆరబెట్టి ఉంచింది. ఆమ్లం కడిగాక, బాండ్ రాయకముందే! "తడి ఉంటే అంటదు గదా మేడమ్" అంది. లోకంలో ఏ జిగురుకైనా ఆ మాట నిజమే. డెంటిన్ దగ్గరే తిరగబడుతుంది. ఆమ్లం ఖనిజాన్ని తినేశాక మిగిలే కొల్లాజెన్ పీచు నీళ్ల ఊతంతో లేచి నిలబడి ఉంటుంది. ఆ నీళ్లు లాగేస్తే తడి జుట్టు నెత్తికి అతుక్కున్నట్టు పడిపోతుంది, ఇక రెసిన్‌కు దారి ఉండదు. పీచూ రెసినూ కలిసి అల్లుకున్న ఆ సన్న పొరను జపాన్‌లో నకబయాషి 1982లో చూపించి హైబ్రిడ్ లేయర్ అన్నాడు. డెంటిన్‌కు అంటించడమంతా ఆ పొర మీదే నడుస్తుంది.

ఆ పిల్లను ఏమీ అనలేదు. ఆ రెండింటికీ గోళ్ల రంగు చుక్క పెట్టి, అలాగే బాండ్ రాసి విడిగా ఉంచాను.

ఆగస్టు 24

అన్నిటినీ ఒక రోజంతా ఫ్లాస్కులో, గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఈ వేళ తెంపాం. వాన, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. బకెట్టుకు కరెంటుతో పని లేదు కాబట్టి ఆగలేదు.

మామూలు గాలి ఎనిమిది: తక్కువది 5.3 కిలోలు, ఎక్కువది 13.4, సగటు 9.6. మెగాపాస్కల్‌లో 13.3. వేడి గాలి ఎనిమిది: 9.1 నుంచి 17 దాకా, సగటు 13.1 కిలోలు, అంటే 18.2. గోళ్ల రంగు చుక్క పళ్లు రెండూ నాలుగు కిలోలు దాటలేదు. ఒకటైతే బకెట్టు తగిలించి కుళాయి తిప్పేలోపే సగం ఊగింది. ఒకే డ్రయ్యరు, ఒకే వేడి. బాండ్ రాశాక ఊదితే మేలు చేసింది, రాయకముందు ఊదితే కొంప ముంచింది.

ఊడిన చోట్లు భూతద్దంతో చూశాను. మామూలు గాలి పళ్లలో ఎక్కువ వాటికి డెంటిన్ నున్నగా, బట్టతలలా మెరుస్తోంది, బాండ్ పూర్తిగా లేచిపోయింది. వేడి గాలి పళ్లలో కాంపోజిట్ ముక్కలు అక్కడక్కడ మిగిలాయి. అంకెలకన్నా ఇదే నాకు ఎక్కువ నమ్మకం.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "ఎనిమిది పళ్లతో అంత సంబరం వద్దప్పా" అన్నాడు. వాడెప్పుడూ అంతే.

ఆగస్టు 31

సంబరం పక్కన పెట్టి ఒక భయం తీర్చుకోవాలి. బల్ల మీద పన్ను చచ్చిన పన్ను. నోట్లో దాని లోపల నరం ఉంటుంది. 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు కోతుల పళ్లకు బయటి నుంచి వేడి పెట్టి చూశారు. నరం ఉండే లోపలి గుజ్జు 5.5 డిగ్రీలు వేడెక్కితే వంద పళ్లలో పదిహేనింటి గుజ్జు కోలుకోలేదు. ఇప్పటికీ అందరూ చెప్పుకునే గీత అదే.

ఒక జ్ఞాన దంతానికి వేరు వైపు నుంచి దారి చేసి, గుజ్జు గదిలో మల్టీమీటరు తీగ పెట్టి, ఖాళీని సిరంజితో నీళ్లు పోసి నింపాను. పైన డెంటిన్ మిల్లీమీటరు మందం ఉంచాను. 55 డిగ్రీల గాలి పది సెకన్లు: 1.8 డిగ్రీలు పెరిగింది. హమ్మయ్య అనుకుంటూ లైటు పెట్టాను. 20 సెకన్లకు 4.3. వేడి గాలి గురించి భయపడుతున్నాను గానీ రోజూ వాడే నీలి దీపమే రెండింతలకు పైగా వేడెక్కిస్తోంది. వెంటనే మరో 20 సెకన్లు పెడితే గీత దాటేసింది. లోతు గుంటల్లో ఒక లైటుకూ మరో లైటుకూ మధ్య ఆగాలని చదివాను గానీ, ఆ అంకె అలా ఎక్కుతుంటే చూడడం వేరు. బతికున్న పంటిలో రక్తం కొంత వేడిని మోసుకుపోతుంది, నా గిన్నెలో అది లేదు. అయినా సరే, మధ్యలో ఆగుతాను.

సెప్టెంబరు 7

ఈ వేళ పళ్లేవీ తెంపలేదు. నా లెక్కే తెగింది.

పొద్దున్న పేషెంటు అద్దం మీద నీటి చుక్క ఆరబెడదామని త్రీ వే సిరంజి ఊదాను. చుక్క పోయింది గానీ దాని చుట్టూ సన్నని మంచు పట్టింది. టిష్యూ పేపరు మీద ఊదితే చిన్న చిన్న మచ్చలు. వెలుగుకు పెట్టి చూస్తే ఒకట్రెండు జిడ్డుగా కూడా ఉన్నాయి.

ఆ సిరంజికి గాలి పంపే, మెట్ల కింద కంప్రెసర్ దగ్గరికెళ్లి ట్యాంకు అడుగున కాక్ తిప్పాను. ముందు బుస్సుమంది, తరవాత తుప్పు రంగు నీళ్లు. ఒక మగ్గు నిండింది. రెండో మగ్గు సగం. నాగావళి పొంగిన వారం, గోడకు తగిలించిన మీటరులో గాలి చెమ్మ 86 శాతం. ఆ గాలినే కంప్రెసర్ పీల్చి నొక్కితే నీళ్లు కారక ఏమవుతుంది? రోజూ సాయంత్రం ఆ కాక్ తిప్పాలని కంప్రెసర్ కొన్న రోజున చెప్పారు. ఎండాకాలంలో తిప్పితే ఏమీ రాదు, అలా అలవాటు తప్పింది.

అంటే ఆగస్టు 24న నేను పోల్చింది ఏమిటి? వేడి గాలినీ చల్ల గాలినీ అనుకున్నాను. నిజానికి ఒకవైపు డ్రయ్యరులోంచి వేడిగా వచ్చిన గాలి, ఇంకోవైపు కంప్రెసర్‌లోంచి నీళ్లూ నూనే కలిసొచ్చిన గాలి. ద్రావకాన్ని ఎగరగొట్టడానికని ఊదుతూ, నా చేత్తో నేనే తడి చల్లుతున్నాను. పెద్దావిడ పంటి మీద కూడా.

సెప్టెంబరు 21

మళ్లీ మొదటికొచ్చాం. ఈసారి మూడు గుంపులు, ఒక్కో గుంపుకు ఎనిమిది పళ్లు. డ్రయ్యరులోనే చల్లగాలి మీట ఉంది, ఇన్నాళ్లూ దాన్ని చూడనేలేదు. ఒకటి డ్రయ్యరు చల్లగాలి, రెండు డ్రయ్యరు వేడిగాలి, మూడు నీళ్లు వదిలి కొత్త ఫిల్టరు పెట్టిన కంప్రెసర్ గాలి. బాండ్ సీసాను కూడా ఈసారి ఫ్రిజ్‌లోంచి గంట ముందే తీశాను. చల్లటి సీసాలో చిక్కబడ్డ బాండ్ పీచులోకి సరిగా దిగదు, ద్రావకమూ తొందరగా కదలదు. రోజూ ఫ్రిజ్‌లోంచి తీసి తీయగానే రాయడం నా రెండో పాత అలవాటు.

తెంపితే: చల్లగాలి 12.2 కిలోలు (16.9), వేడిగాలి 13.4 (18.6), కంప్రెసర్ 11.9 (16.5). వేడిగాలి ముందే ఉంది గానీ ముందున్నంత ఎడం లేదు. వేడి గుంపులో అధమం చల్లటి గుంపులో సగటుకన్నా తక్కువ. ఇంత చిన్న తేడాను ఎనిమిదేసి పళ్లతో వేడి ఖాతాలో వేయలేను. ఆగస్టులో కనబడ్డ తేడాలో పెద్ద భాగం కంప్రెసర్ మగ్గున్నర నీళ్లదేనని మాత్రం నా అనుమానం గట్టిగానే ఉంది. తమ్ముడు విని, "ఇప్పుడు నమ్ముతాను" అన్నాడు.

మిగిలిన నాలుగు పళ్లకు చల్లగాలినే పది బదులు ముప్పై సెకన్లు ఊదాను. సగటు 13.1. నాలుగే కాబట్టి దీన్ని పట్టుకుని వేలాడను. కాకపోతే నోట్లో డ్రయ్యరు పెట్టలేం, ఇరవై సెకన్లు ఆగడం మాత్రం ఎవరైనా చేయగలరు. పంటి కోసమే చేసిన వేడిగాలి పరికరాలు ఉన్నాయి. కొనడానికి తొందరేమీ లేదు.

సెప్టెంబరు 28

ఒక రోజు నీళ్లలో ఉంచి తెంపితే కొత్త బాండ్ బలం తెలుస్తుంది. జంతికలూ వేడి టీలూ ఐస్‌క్రీములూ తిన్న బాండ్ సంగతి తెలియదు. దానికి 5 డిగ్రీల నీళ్లలోకీ 55 డిగ్రీల నీళ్లలోకీ మార్చి మార్చి ముంచుతారు, కనీసం 500 సార్లు. మిషను చేసే పని. మేం టీ వడకట్టే జల్లెడలో ఆరు పళ్లు వేసి, ఒక గిన్నెలో ఐసు, ఒక గిన్నెలో వేడినీళ్లు పెట్టుకుని, గోడ గడియారం చూస్తూ ఒక్కోదాంట్లో ఇరవై సెకన్లు ముంచడం మొదలెట్టాం. నూట ఇరవై దగ్గర ఆ పిల్ల చెయ్యి మార్చుకుంది. నూట అరవై దగ్గర ఐసు అయిపోయింది. "మేడమ్, పళ్లకేమో గానీ నాకు జొరం వచ్చేలాగుంది" అంది. ఆపేశాం. తమ్ముడి విద్యార్థులెవరో చిన్న మోటారుతో జల్లెడను అటూ ఇటూ తిప్పే ఏర్పాటు చేస్తామన్నారట. చూద్దాం.

అక్టోబరు 5

కుర్చీ దగ్గర మారినవి: సాయంత్రం క్లినిక్కు మూసేముందు కంప్రెసర్ కాక్ తిప్పే పని ఆ పిల్లది, మగ్గు కొలిచి క్యాలెండరు మీద రాస్తుంది. బాండ్ సీసా పొద్దున్నే ఫ్రిజ్ బయటికి. లైటు మొన ప్రతి సోమవారం మీటరు కింద. మెడ దగ్గరి ఫిల్లింగులకు బాండ్ మీద గాలి గడియారం చూసి ముప్పై సెకన్లు, మొదట దూరం నుంచి మెల్లగా, తరవాత దగ్గర నుంచి. గట్టిగా మొదలెడితే బాండ్ అంతా చిగురు మీదికి పోయి ఒకచోట మడుగు కడుతుంది.

ఆ పెద్దావిడకు జూలైలో పెట్టింది ఇంకా ఉంది, కానీ అది తడి గాలి రోజుల్లో పెట్టింది. తీసేసి మళ్లీ పెడతానంటే "ఉన్నదాన్ని పీకడమేటమ్మా, ఊడినాక ఒస్తాను" అంది. నాకూ ఆ మాటే సబబనిపించింది. పక్క పంటికి మాత్రం కొత్త పద్ధతిలో ఒకటి పెట్టాను. రిజిస్టరులో రెండింటికీ ఎదురుగా తేదీలు వేశాను.

సీసాలో ఇంకా పదిహేను ప్రీమోలార్లున్నాయి. ఏళ్ల తరబడి అరిగిన మెడ డెంటిన్ నేను రుద్ది తేల్చిన కొత్త డెంటిన్ లాంటిది కాదు, గొట్టాలు ఖనిజంతో పూడి గాజులా మెరుస్తుంటుంది, దానికి 15 సెకన్ల ఆమ్లం చాలుతుందా అన్నది తరవాతి ప్రశ్న. అలాంటి పళ్లు కుర్రాళ్ల దగ్గర దొరకవు. చిగుళ్లు వదిలి ఊడబెరికించుకునే పెద్దవాళ్లను అడగాలి.